‘నేను’ లేని సాక్ష్యం: జాన్ రాయ్ లించ్ రెండు పుస్తకాలు

సినిమా చరిత్ర మీద కాస్త ఆసక్తి ఉన్నవాళ్లు ఎప్పుడో ఒకప్పుడు ‘ద బర్త్ ఆఫ్ ఎ నేషన్’ చూడక తప్పదు. 1915లో గ్రిఫిత్ తీసిన మూకీ అది. అందులో ఒక శాసనసభ సీను ఉంటుంది. అంతర్యుద్ధం అయిపోయింది, దక్షిణ కెరొలినాలో నల్లవాళ్లు సభ్యులై వచ్చి కూర్చున్నారు. ఒకడు బల్ల మీదికి కాళ్లు చాపుతాడు. ఇంకొకడు చాటుగా సీసా ఎత్తుతాడు. మరొకడు తిండి నములుతూ ఉంటాడు. వీళ్ల చేతికి అధికారం ఇస్తే ఇదే జరుగుతుంది అని చెప్పడమే ఆ సీను పని.

చూసినప్పుడు కోపం వచ్చింది. అది అబద్ధమని నాకు తెలుసు. కానీ కొన్ని రోజుల తర్వాత ఇంకో సంగతి తట్టింది. ఆ అబద్ధాన్ని తీసేసి, దాని స్థానంలో పెట్టుకోడానికి నా బుర్రలో వేరే బొమ్మేదీ లేదు. మనలో చాలామందికి అమెరికా నల్లవాళ్ల కథ లింకన్‌తో ఆగిపోయి మార్టిన్ లూథర్ కింగ్‌తో మళ్లీ మొదలవుతుంది. మధ్యలో వందేళ్లు ఖాళీ. ఆ ఖాళీలోకి గ్రిఫిత్ సీను వచ్చి కూర్చోవడం ఎంత తేలికో అప్పుడు అర్థమైంది.

ఆ సినిమాకి రెండేళ్ల ముందే, 1913లో, అలాంటి ఒక సభను స్పీకర్ కుర్చీలోంచి చూసిన మనిషి పుస్తకం రాశాడు. పేరు ‘ద ఫాక్ట్స్ ఆఫ్ రీకన్‌స్ట్రక్షన్’. రాసినవాడు జాన్ రాయ్ లించ్. 1872 జనవరిలో మిసిసిపి రాష్ట్ర ప్రతినిధుల సభకు స్పీకర్ అయ్యేనాటికి అతనికి 24 ఏళ్లు. అంతకు తొమ్మిదేళ్ల కిందట అతను ఒకరి ఆస్తి. అంటే బానిస.

ఈ పుస్తకం గురించి నాకు చెప్పాలనిపించిన మాట ఒక్కటే. ఇది చాలా పొడిగా ఉంటుంది. కొన్ని అధ్యాయాలు నిద్ర తెప్పిస్తాయి. ఆ పొడితనం చేతకాక వచ్చింది కాదనీ, దానికి అతను పెద్ద మూల్యమే చెల్లించాడనీ నా వాదన.

ముందు కాలం సంగతి రెండు ముక్కల్లో చెప్పుకుందాం. 1865లో అంతర్యుద్ధం ముగిశాక, ఓడిపోయిన దక్షిణ రాష్ట్రాలను మళ్లీ దేశంలో కలుపుకుంటూ, విడుదలైన నల్లవాళ్లకు పౌరసత్వం, ఓటు ఇచ్చిన కాలాన్ని రీకన్‌స్ట్రక్షన్ అంటారు. 1877 నాటికి అది ముగిసింది. 1870 జనగణన ప్రకారం మిసిసిపి జనాభా 8,27,922. అందులో 4,44,201 మంది నల్లవాళ్లు. అంటే సగానికి పైనే. అక్కడ ఓటు హక్కు అంటే మాటలు కాదు, నేరుగా అధికారమే.

లించ్ 1847లో లూసియానాలో, మిసిసిపి నదికి అవతలి ఒడ్డున, టాకొనీ అనే ప్లాంటేషన్‌లో పుట్టాడు. తల్లి కేథరిన్ బానిస. తండ్రి పాట్రిక్ ఐర్లండ్ నుంచి వచ్చిన తెల్లవాడు, తోట మేస్త్రీ. భార్యాపిల్లల్ని విడిపించుకోవాలని తండ్రి తాపత్రయపడ్డాడు. పని పూర్తవకముందే జబ్బు చేసి, వాళ్ల బాధ్యతను ఒక స్నేహితుడికి అప్పగించి చనిపోయాడు. స్నేహితుడు మాట తప్పాడు. తల్లీ పిల్లలూ నాచెజ్ ఊళ్లో కొత్త యజమాని చేతికి వెళ్లారు. ఆ ఇంట్లో పనికుర్రాడిగా ఉన్న లించ్, యజమానురాలికి ఎదురు మాట్లాడాడని పొలం పనికి పంపేశారు. 1863లో ఉత్తరాది సైన్యం నాచెజ్‌ని పట్టుకోవడంతో అతనికి విడుదల.

ఆ తర్వాత సైనికులకి వంట చేశాడు, స్టీమరులో పనిచేశాడు, చివరికి ఒక ఫొటో స్టూడియోలో కుదురుకున్నాడు. రాత్రి బడిలో చదివింది కొన్ని నెలలే. స్టూడియో పక్క సందులో తెల్లపిల్లల బడి ఉండేది. పని చేసుకుంటూ ఆ పాఠాలు వినేవాడట. 1869లో సైనిక గవర్నర్ ఏడెల్బర్ట్ ఏమ్స్ అతన్ని జస్టిస్ ఆఫ్ ద పీస్‌గా, అంటే ఊళ్లో చిన్న తగాదాలు తీర్చే మేజిస్ట్రేటుగా నియమించాడు. అప్పటికి 21 ఏళ్లు. అదే ఏడాది చివర్లో శాసనసభకు ఎన్నికయ్యాడు.

ఇంత కథ ఉన్న మనిషి పుస్తకం రాస్తే ఎక్కడ మొదలుపెడతాడు? ఏ ఎడిటర్ అయినా టాకొనీ తోటతోనో, బడి కిటికీ దగ్గర చెవి పెట్టి నిలబడ్డ కుర్రాడితోనో మొదలుపెట్టమంటాడు. లించ్ అలా చేయలేదు. ‘ఫాక్ట్స్’ మొదలయ్యేది రాజకీయాలతో. రాష్ట్ర రాజ్యాంగం, పార్టీ వర్గాలు, ఎవరు ఏ పదవికి పోటీ చేశారు, ఎంత మెజారిటీ. తల్లి ఊసు లేదు. పొలం పని లేదు. ముందుమాటలో తన ఉద్దేశం చెప్పేస్తాడు: ఆ కాలం గురించి రాసిన వాళ్లంతా అందులోని మంచిని దాచిపెట్టారు, నేను దాన్ని బయటపెడతాను.

అలా దాచింది చిన్నవాళ్లేం కాదు. కొలంబియా యూనివర్సిటీ ప్రొఫెసర్ విలియం డన్నింగ్, ఆయన శిష్యులు అప్పటికే ఈ కాలాన్ని అవినీతి, అజ్ఞానం, ‘నల్లవాళ్ల పెత్తనం’ అనే మూడు ముక్కల్లో తేల్చేశారు. లించ్ దానికి లెక్కలతో జవాబిస్తాడు. మిసిసిపిలో రాష్ట్రమంతా ఓటేసి ఎన్నుకునే పెద్ద పదవులు ఏడు. 1869 ఎన్నికల్లో అందులో నల్లవాడు గెలిచింది ఒక్కటి, సెక్రటరీ ఆఫ్ స్టేట్. 1873లో మూడు: లెఫ్టినెంట్ గవర్నర్, సెక్రటరీ ఆఫ్ స్టేట్, విద్యాశాఖ సూపరింటెండెంట్. శాసనసభలో నల్ల సభ్యులు ఎప్పుడూ మెజారిటీ కాలేదు. మరి పెత్తనం ఎక్కడ? పన్నులు పెరిగాయా? పెరిగాయి. ఎందుకు పెరిగాయి? నల్లపిల్లలకీ తెల్లపిల్లలకీ కూడా సర్కారు బళ్లు పెట్టాలి కాబట్టి, యుద్ధంలో పాడైపోయిన భవనాలు బాగుచేయాలి కాబట్టి. ఇలా ఒక్కో ఆరోపణ తీసుకోవడం, పక్కన అంకె పెట్టడం, ముందుకు వెళ్లడం.

మొదటిసారి చదివినప్పుడు విసుగొచ్చింది. రెండోసారి చదువుతుంటే మా ఆఫీసు గుర్తొచ్చింది. కొత్తగా చేరినవాడు ఏళ్ల తరబడి అందరూ నమ్ముతున్న సీనియర్ కోడ్‌లో తప్పు పట్టాలంటే గొంతు పెంచకూడదు. తన కష్టం చెప్పుకోకూడదు. ఏం చేస్తే ఏం జరగాలి, నిజంగా ఏం జరుగుతోంది, అంతే రాయాలి. ఒక్క విశేషణం ఎక్కువైనా ‘వీడికి ఆవేశం ఎక్కువ’ అని టికెట్ మూసేస్తారు. లించ్ పుస్తకం అలాంటి బగ్ రిపోర్ట్. పేరులోనే ‘ఫాక్ట్స్’ పెట్టుకోవడం వెనక ఉన్నది ధీమా కాదు, జాగ్రత్త. తాను బానిసగా పడ్డ బాధ రాస్తే ‘బాధితుడు కదా, పక్షపాతం ఉంటుంది’ అంటారు. రాజకీయంగా సాధించింది రాస్తే ‘గొప్పలు చెప్పుకుంటున్నాడు’ అంటారు. సాక్షిగా నిలబడాలంటే సాక్షి తనని తాను దాచుకోవాల్సి వచ్చింది.

అతనికి వేరే గొంతు లేక కాదు. 1875 ఫిబ్రవరిలో, అప్పటికి అమెరికన్ కాంగ్రెస్ సభ్యుడైన లించ్, పౌరహక్కుల బిల్లు మీద మాట్లాడాడు. ఆ ప్రసంగంలో తన శరీరాన్నే సాక్ష్యంగా పెట్టాడు. వాషింగ్టన్‌కి రైల్లో వస్తుంటే, చట్టసభ సభ్యుడినైనా సరే, తాగుబోతులూ జూదగాళ్లూ ఉండే పొగ పెట్టెలో కూర్చోబెడతారని, అది పౌరుడికి చేసే మర్యాద కాదని నిలదీశాడు. సూటిగా, వేడిగా మాట్లాడాడు. బిల్లు చట్టమైంది. 1883లో సుప్రీంకోర్టు దాన్ని కొట్టేసింది. ఆ వేడి 1913 పుస్తకంలో దాదాపు కనపడదు. 27 ఏళ్లవాడు తన గురించి చెప్పుకుంటే సభ విన్నది. 66కి దగ్గరపడ్డ మనిషి తన గురించి చెప్పుకుంటే చరిత్రకారులు వినరని అతనికి అర్థమైపోయింది. ఈ రెండు గొంతుల మధ్య దూరమే రీకన్‌స్ట్రక్షన్‌కి ఏమైందో చెబుతుంది.

అలాగని పుస్తకమంతా అంకెలే అనుకోకండి. ముసుగు జారే చోట్లు ఉన్నాయి. నాకు ఎక్కువ నచ్చినవి స్పీకర్‌గా అతను చేసిన పనుల గురించి రాసిన పేజీలు. రిపబ్లికన్ల మెజారిటీ పల్చగా ఉంది, సొంత పార్టీలోనే అందరూ ఒక తాటి మీద లేరు. అందర్నీ కూడగట్టి కుర్చీ ఎక్కాడు. తర్వాత కొత్త జనగణన వల్ల రాష్ట్రానికి ఆరు కాంగ్రెస్ స్థానాలు వచ్చాయి. నియోజకవర్గాల గీతలు గీయాలి. ఆరింటిలో అయిదు తమ పార్టీకి దక్కేలా గీశామని దాపరికం లేకుండా చెప్పేస్తాడు. వాటిలోనే ఒకదాంట్లో, అప్పటికే కాంగ్రెస్‌లో ఉన్న సొంత పార్టీ తెల్ల సభ్యుణ్ణి నామినేషన్‌లో ఓడించి, తను గెలిచాడు. అతను సాధువేం కాదు, రాజకీయ నాయకుడు. గ్రిఫిత్ బొమ్మకి నిజమైన జవాబు ఇదే అనిపించింది నాకు. ఆ సభలో ఉన్నది జోకర్లూ కాదు, దేవతలూ కాదు. ఓట్లు లెక్కపెట్టుకుని, బేరాలాడి, కమిటీలు పంచి, పని నడిపించిన మనుషులు. అతని పదవీకాలం ముగిసినప్పుడు రెండు పార్టీల సభ్యులూ కలిసి బంగారు గడియారం, గొలుసు బహుమతిగా ఇచ్చారు.

ఆ గీతలే తర్వాత అతనికి ఎదురు తిరిగాయి. 1875 ఎన్నికల్లో డెమొక్రాట్లు తుపాకులతో, బెదిరింపులతో రాష్ట్రాన్ని చేజిక్కించుకున్నారు. ‘మిసిసిపి ప్లాన్’ అని దానికి పేరే ఉంది. ఆ తర్వాత వాళ్లు గీసిన మ్యాపులో లించ్ నియోజకవర్గం నది వెంట పైనుంచి కిందికి సన్నగా సాగింది. నల్ల ఓటర్లను వీలైనంతమందిని ఒక్కచోట కుక్కేశారు. దాన్ని ‘షూస్ట్రింగ్’ జిల్లా అనేవాళ్లు, అంటే బూటు తాడు. అంతమంది నల్ల ఓటర్లున్న చోట కూడా 1876లో అతన్ని ఓడించారు. 1880లో అతనికి పడ్డ ఓట్లలో అయిదు వేలకు పైగా సాంకేతిక కారణాలు చెప్పి చెల్లవన్నారు. అతను పోరాడి 1882 ఏప్రిల్‌లో సీటు సాధించుకున్నాడు. అదే ఏడాది ఎన్నికల్లో మళ్లీ ఓడిపోయాడు.

పుస్తకంలో నన్ను ఆపేసిన ఘట్టం ఇంకొకటి ఉంది. 1875 ఎన్నికల తర్వాత లించ్ వేరే పని మీద ప్రెసిడెంట్ గ్రాంట్‌ని కలుస్తాడు. మాటల్లో అడుగుతాడు: గవర్నర్ ఏమ్స్ సైన్యం పంపమని వేడుకుంటే ఎందుకు పంపలేదు? గ్రాంట్ చెప్పిన జవాబును లించ్ రాసుకున్నాడు. ఒహాయో రిపబ్లికన్ నాయకులు వచ్చి, మిసిసిపికి సైన్యం పంపితే ఒహాయో ఎన్నికల్లో మనం ఓడిపోతాం అన్నారట. మిసిసిపి ఎలాగూ పోయింది, ఒహాయో కూడా ఎందుకు పోగొట్టుకోవడం అని ఆగిపోయాడట. అది తప్పే అని గ్రాంట్ ఒప్పుకున్నాడట కూడా. లించ్ ఇక్కడ గ్రాంట్‌ని తిట్టడు, ఏడవడు. సంభాషణ రాసి పక్కన పెడతాడు. లక్షలమంది ఓటు హక్కు ఇంకో రాష్ట్రం లెక్కల్లో ఎలా కొట్టుకుపోయిందో ఆ రెండు మూడు పేజీల్లో ఉంది. అంత మామూలుగా చెప్పడం వల్లే ఎక్కువ తగులుతుంది.

ఇక నాకు నచ్చనివి. లించ్‌కి ‘పెద్దమనుషుల’ మీద నమ్మకం మరీ ఎక్కువ. చదువు, ఆస్తి, కుటుంబం ఉన్న దక్షిణాది తెల్లవాళ్లు నిజానికి మంచివాళ్లే అని, వాళ్లు రిపబ్లికన్ పార్టీ వైపు వస్తున్నారని, 1874లో దేశమంతా డెమొక్రాట్లు గెలవడంతో వెనక్కి తగ్గారని అతని సిద్ధాంతం. గాలి మారితే మారిపోయే మద్దతు మద్దతేనా అని అడగడు. తర్వాత మంత్రి అయిన మిసిసిపి డెమొక్రాట్ లామార్ తనకు ఉద్యోగం ఇవ్వబోవడాన్ని, తను మర్యాదగా వద్దనడాన్ని ఎంతో ఆప్యాయంగా రాస్తాడు. ఆ లామార్ ఏ రాజకీయం మీద పైకి వచ్చాడో అంత గట్టిగా రాయడు.

రెండోది, భూమి. విడుదలైన లక్షలమందికి ఓటు వచ్చింది, సెంటు భూమి రాలేదు. వాళ్లు పాత యజమానుల పొలాల్లోనే కౌలుకి, పాలుకి చేసుకుంటూ ఉండిపోయారు. రేపటి తిండి ఎవరి దయ మీద ఉందో వాడికి వ్యతిరేకంగా ఓటేయడం ఎలా? ఈ ప్రశ్న పుస్తకంలో వెతికినా సరిగ్గా కనపడదు. లించ్ తనే నాచెజ్ చుట్టుపక్కల భూములు కొన్న మనిషి. కష్టపడితే పైకొస్తాం అన్నది అతని విషయంలో నిజమైంది, అందుకే మిగతావాళ్ల విషయంలో ఏం జరిగిందో ఆనలేదేమో. పార్టీ మీటింగుల్లో ఎవరు ఎటు కూర్చున్నారో గుర్తున్న మనిషికి, ఓటేసి ఇంటికెళ్లిన కౌలుదారు గుర్తుకు రాడు. ఫాక్ట్స్ అన్నాక ఏ ఫాక్ట్స్ అన్నది కూడా అడగాలి కదా.

ఈ లోపాలు ఉన్నా అతను వదిలిపెట్టలేదు. 1917, 1918లో ‘జర్నల్ ఆఫ్ నీగ్రో హిస్టరీ’లో చరిత్రకారుడు జేమ్స్ ఫోర్డ్ రోడ్స్ చేసిన తప్పుల మీద రెండు వ్యాసాలు రాశాడు. ఈ రోడ్స్ కూడా ప్రొఫెసర్ కాదు. బొగ్గు, ఇనుము వ్యాపారంలో సంపాదించి, తర్వాత చరిత్ర రాయడానికి కూర్చున్న మనిషి. అంటే ఇద్దరూ ఔత్సాహికులే. ఒకడు గ్రంథాలయంలో కూర్చుని చదివాడు, ఇంకొకడు ఆ సభలో కూర్చుని చూశాడు. 1918లో పులిట్జర్ బహుమతి రోడ్స్‌కి వచ్చింది, అంతర్యుద్ధం మీద రాసిన ఇంకో పుస్తకానికి. లించ్ సవరణలు మాత్రం చిన్న పత్రిక పాఠకుల దగ్గరే ఉండిపోయాయి. సాహిత్యం చదువుకోకుండా, ఉద్యోగం చేసుకుంటూ రివ్యూలు రాసే నాలాంటి వాడికి ఇది కాస్త గుచ్చుకుంటుంది. ఎవరు ఔత్సాహికుడు, ఎవరు పండితుడు అన్నది చదువు ఒక్కటే నిర్ణయించదు.

కథలో మలుపు లించ్ చనిపోయాక వస్తుంది. అతను 1939 నవంబరులో, 92 ఏళ్ల వయసులో, షికాగోలో కన్నుమూశాడు. సైన్యంలో పేమాస్టర్‌గా పనిచేసి మేజర్‌గా రిటైరయ్యాడు కాబట్టి ఆర్లింగ్టన్‌లో సమాధి చేశారు. అతని కాగితాల్లో ఒక రాతప్రతి మిగిలింది. దాన్ని చరిత్రకారుడు జాన్ హోప్ ఫ్రాంక్లిన్ సంపాదకత్వంలో 1970లో షికాగో యూనివర్సిటీ ప్రెస్ వేసింది. పేరు ‘రెమినిసెన్సెస్ ఆఫ్ ఏన్ యాక్టివ్ లైఫ్’. ఇందులో అమ్మ ఉంది. ఐరిష్ తండ్రి, మాట తప్పిన స్నేహితుడు ఉన్నారు. యజమానురాలి కోపం, పొలం పని, ఫొటో స్టూడియో ఉన్నాయి. 1913లో ఏవి తీసేశాడో అవన్నీ జీవితం చివర్లో తిరిగి పెట్టుకున్నాడు. పాత పుస్తకంలోని రాజకీయ భాగాలూ ఇందులో ఉన్నాయి. కానీ ఇప్పుడు వాటి ముందు ఒక బాల్యం ఉంది, అందుకే అవే వాక్యాలు వేరేగా వినిపిస్తాయి. మ్యాపు గీసే స్పీకర్‌ని చూస్తుంటే, తన ఇంటి సరిహద్దులు కూడా తన చేతిలో లేని పిల్లవాడు గుర్తొస్తాడు.

చరిత్రని నమ్మించడానికి తనని తీసేసుకున్న మనిషి, మళ్లీ తనని కలుపుకుని రాసిన పుస్తకం అచ్చులో చూసుకోలేకపోయాడు. ఇదే నాకు బాధనిపించింది. అట్టడుగు నుంచి వచ్చిన రచయితల్ని మనం ఇప్పటికీ రెండు వైపులా నలుపుతాం. సొంత అనుభవం రాస్తే ‘ఆత్మకథే కదా, విశ్లేషణ ఏది’ అంటాం. విశ్లేషణ రాస్తే ‘జీవితం లేదు, పొడిగా ఉంది’ అంటాం. ఈ వ్యాసం మొదట్లో నేనూ అదే అన్నాను, చూసుకోండి.

చదవాలనుకునేవాళ్లకి ఒక సలహా. ‘ఫాక్ట్స్’ కాపీరైట్ దాటిపోయిన పుస్తకం, నెట్‌లో ఉచితంగా దొరుకుతుంది. ముందు దాన్నే చదవండి, విసుగొచ్చినా సరే. గ్రాంట్ అధ్యాయం వదలొద్దు. తర్వాత ‘రెమినిసెన్సెస్’ తీసుకోండి. ఆ వరసలో చదివితేనే అతను ఏం దాచుకున్నాడో, ఎంతకాలం దాచుకున్నాడో తెలుస్తుంది. గ్రిఫిత్ సీను నా బుర్రలోంచి పూర్తిగా పోలేదు. కానీ ఇప్పుడు దాని పక్కన ఇంకొక సభ కూడా ఉంది. జాక్సన్ నగరం, కుర్చీలో 24 ఏళ్ల కుర్రాడు, చేతిలో సభ్యుల లెక్క.